పునరుద్ధరించని వింటేజ్ కారు విలువ నిర్ధారణ

పునరుద్ధరించని వింటేజ్ కారు అనగా కర్మాగారం నుంచి వెలువడిన తర్వాత పూర్తిస్థాయి బాగుచేత జరగకుండా, అసలు రంగు, సీట్లు, ఇంజను, విడిభాగాలు చాలావరకు అలాగే మిగిలి ఉన్న పాతకాలపు మోటారు కారు. ఇటువంటి కారు అమ్మకానికి వచ్చినప్పుడు దానికి తగిన వెల ఎంత అని నిర్ణయించడాన్ని విలువ నిర్ధారణ అంటారు. మామూలు పాత కారుకు వయసు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. వింటేజ్ కారు విషయంలో ఒక దశ దాటిన తర్వాత ధర తిరిగి పెరుగుతుంది. అయితే ఈ పెరుగుదల వయసు వలన మాత్రమే రాదు. కారుకు చెల్లుబాటయ్యే కాగితాలు ఉండడం, అసలు భాగాలు మిగిలి ఉండడం, బాగుచేయడానికి అయ్యే ఖర్చు అదుపులో ఉండడం అనే మూడు విషయాలపై అది ఆధారపడుతుంది. పోయిన భాగాన్ని డబ్బు పెట్టి తిరిగి కొనవచ్చును గాని, చెరిపివేసిన అసలు రంగును, పోగొట్టుకున్న చరిత్రను తిరిగి తీసుకురాలేము. కనుక బాగుచేయని కారుకు వెల కట్టడం బాగుచేసిన కారుకు వెల కట్టడం కంటే కష్టమైన పని.

నిర్వచనాలు

వింటేజ్ అనే మాటకు అన్ని దేశాలలోనూ ఒకే అర్థం లేదు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ సంప్రదాయం ప్రకారం 1919 నుంచి 1930 వరకు తయారైన కార్లే వింటేజ్ కార్లు. భారతదేశంలోని ప్రదర్శనలలో సాధారణంగా రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన వాటిని వింటేజ్ అనీ, తర్వాతి వాటిని క్లాసిక్ అనీ వ్యవహరిస్తారు.

చట్టపరమైన నిర్వచనం వేరుగా ఉన్నది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989)ని సవరించింది. దీని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 సంవత్సరాలు దాటి, వాణిజ్య అవసరాలకు కాక సొంతానికి వాడుకొనే ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వింటేజ్ వాహనాలు. అవి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదు. అంటే అసలుతనం అనేది అభిరుచి గలవారు కోరుకొనే లక్షణం మాత్రమే కాదు, చట్టం పెట్టిన షరతు కూడా.

గూడూరు ప్రాంతం

గూడూరు చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మీద, చెన్నైకి ఉత్తరంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం. అభ్రకం గనులకు, నిమ్మకాయల వ్యాపారానికి పేరు పొందింది. ఈ ప్రాంతంలో దొరికే పాత కారుకు వెల కట్టేవారు మూడు స్థానిక విషయాలను గమనించవలసి ఉంటుంది.

మొదటిది పాలనా చరిత్ర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు గూడూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. కనుక అంతకు ముందు రిజిస్టరైన కార్లపై మద్రాసు గుర్తులుంటాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతి కాలపు కార్లకు "ఏపీ"తో మొదలయ్యే మూడక్షరాల గుర్తులు వాడుకలో ఉండేవి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చాక రాష్ట్ర అక్షరాలు, జిల్లా అంకె ఉన్న పద్ధతి వచ్చింది. అందులో నెల్లూరుకు 26, చిత్తూరుకు 03 కేటాయించారు. 2019లో రాష్ట్రమంతటా కొత్త వాహనాలకు 39 అనే ఒకే అంకె ఇవ్వడం మొదలైంది. గూడూరు 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి మారింది. అయినా ఇక్కడి పాత కార్ల కాగితాలలో నెల్లూరు కార్యాలయం పేరే కనిపిస్తుంది. నంబరు పలక మీది గుర్తు కారు వయసుతో పొసగకపోతే దానికి కారణమేమిటో అడిగి తెలుసుకోవాలి.

రెండవది వాతావరణం. తీరానికి దగ్గరగా ఉండడం వలన గాలిలో ఉప్పు తేమ ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు పడతాయి. ఒకే కాలంలో తయారై, ఒకటి గూడూరులో రేకుల షెడ్డులోనూ మరొకటి మదనపల్లె వంటి పొడి ప్రదేశంలోనూ ఉన్న రెండు కార్లలో మొదటిదాని అడుగు భాగాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించవలసి ఉంటుంది.

మూడవది చెన్నై సామీప్యం. పాత విడిభాగాలకు ప్రసిద్ధమైన పుదుప్పేట మార్కెట్టు, పాత కార్లపై పనిచేసే షెడ్లు, కొనుగోలుదారులు అక్కడ ఉన్నారు. దీని వలన భాగాలు వెతకడం సులభమవుతుంది. కాని కొనేవారు తమిళనాడు వారైతే కారును మరో రాష్ట్రానికి మార్చే ప్రక్రియ అదనంగా ఉంటుంది.

ఎక్కువగా కనబడే కార్లు

భారతదేశపు పాత ఇళ్ళలో మిగిలి ఉన్న కార్లలో ఎక్కువ భాగం కింది తయారీదారులవి.

* హిందుస్థాన్ మోటార్స్: 1942లో స్థాపించబడింది. మోరిస్ కార్ల ఆధారంగా హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, ల్యాండ్‌మాస్టర్ (1954) తయారుచేసింది. అంబాసిడర్ 1950ల చివరలో మొదలై 2014 వరకు తయారైంది. తొలి అంబాసిడర్‌లలో సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. తర్వాత 1,489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. మార్క్ 1, మార్క్ 2 రకాలకు తర్వాతి వాటికంటే ఆదరణ ఎక్కువ.
* ప్రీమియర్ ఆటోమొబైల్స్: 1944లో స్థాపించబడింది. డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను బిగించి అమ్మింది. తర్వాత ఫియట్ 1100 తయారుచేసింది. ఇదే 1970లలో ప్రీమియర్ పద్మినిగా మారింది.
* స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్: మద్రాసు సంస్థ. స్టాండర్డ్ వాన్‌గార్డ్, స్టాండర్డ్ టెన్, పెన్నెంట్, హెరాల్డ్ (1961), గజెల్ కార్లను తయారుచేసింది.
* విదేశీ కంపెనీలు: జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవ్రొలే మొదలైన కార్లను బిగించింది. ఫోర్డ్ కూడా అక్కడే కార్లు బిగించేది. స్వదేశీ తయారీని ప్రోత్సహించే ప్రభుత్వ విధానం వలన 1950ల మధ్యకల్లా ఈ రెండూ భారతదేశంలో పని ఆపివేశాయి.

పరిశీలించవలసిన అంశాలు

కాగితాలు

వెల కట్టడంలో మొదట చూడవలసినవి కాగితాలే. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్.సి.)లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కారు మీద ఉన్న నంబర్లతో సరిపోవాలి. ఛాసిస్ నంబరు ఉన్న చోట రేకు కోసి అతికిన గుర్తులు, అంకెలు తిరిగి కొట్టిన గుర్తులు ఉంటే అటువంటి కారుకు ఎంత అందం ఉన్నా దూరంగా ఉండడం మంచిది.

పాత కార్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు యాజమాన్యం గురించినది. ఆర్.సి. తాతగారి పేరు మీద ఉండి, ఆయన మరణించి ఏళ్ళు గడిచి, వారసులు పలువురు ఉండడం సాధారణం. అటువంటప్పుడు మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఇతర వారసుల అంగీకారం సమకూర్చుకొని, 31వ నంబరు ఫారంతో కారును మొదట వారసుని పేరుకు మార్చాలి. ఆ తర్వాతే 29, 30 నంబర్ల ఫారాలతో కొనుగోలుదారు పేరుకు మార్చడం వీలవుతుంది. వేరే రాష్ట్రానికి తీసుకువెళ్ళేటట్లయితే 28వ నంబరు ఫారంపై నిరభ్యంతర పత్రం కావాలి. వారసులలో ఒకరు సంతకం చేయకపోయినా అమ్మకం ఆగిపోవచ్చు. కాగితాలు లేని కారును చాలామంది విడిభాగాల కోసమే కొంటారు. కనుక దాని ధర కూడా ఆ మేరకే పలుకుతుంది.

అసలుతనం

ఇంజను, గేర్ బాక్స్, బాడీ, రంగు, లోపలి అమరిక ఎంతవరకు కర్మాగారం నాటివి అన్నది అసలుతనం. డోరు అంచుల లోపల, డాష్‌బోర్డు వెనుక, డిక్కీలోని అట్ట కింద, బానెట్ లోపలి వైపు చూస్తే అసలు రంగు తెలుస్తుంది. బయటి రంగు, ఈ చోట్ల ఉన్న రంగు ఒకటే అయితే కారుకు తిరిగి రంగు వేయలేదని, లేదా అదే రంగు వేశారని భావించవచ్చు. గాజులపై ఉన్న తయారీదారుల ముద్రలు, దీపాల అద్దాలపై ఉన్న పేర్లు, మీటర్ల పలకలు, హారన్ బటన్, చక్రాల మూతలు కూడా ఆ కాలానికి చెందినవేనా అని చూడాలి.

భారతదేశంలో అసలుతనాన్ని ఎక్కువగా దెబ్బతీసినది డీజిల్ మార్పిడి. పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్ వంటి కార్లలో అసలు ఇంజను తీసివేసి మటడోర్ వ్యాను డీజిల్ ఇంజను బిగించడం ఒకప్పుడు విరివిగా జరిగింది. ఇందుకోసం ఇంజను అరలో రేకులు కోయడం, కొత్త బిగింపులు వెల్డింగ్ చేయడం జరిగేవి. అసలు ఇంజను షెడ్డులో ఒక మూల భద్రంగా ఉన్నదీ, ఆర్.సి.లో దాని నంబరే ఉన్నదీ అయితే నష్టం కొంత పూడుతుంది. పాత ఇంజను పాత ఇనుములో కలిసిపోతే కారు విలువ బాగా పడిపోతుంది. ప్రస్తుత నియమాల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అర్హత కూడా ప్రశ్నార్థకమవుతుంది.

తుప్పు

బాగుచేత ఖర్చులో పెద్ద వాటా తరచుగా బాడీదే. తుప్పును ఎక్కడ వెతకాలి అన్నది కారు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. అంబాసిడర్, ఫియట్ 1100 కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. కనుక వాటి నేల రేకులు, డోర్ల కింది పెట్టె వంటి అంచులు, వెనుక కమాన్ పట్టీలు బిగించే చోట్లు, డిక్కీలో అదనపు చక్రం పెట్టే గుంట తుప్పు పడితే కారు బలమే దెబ్బతింటుంది. స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉన్నది. దాని బాడీని భాగాలుగా విప్పి తీయవచ్చు. అందువలన హెరాల్డ్‌లో బయటి రేకు చెడినా మార్చుకోవచ్చును గాని ఛాసిస్ చెడితే పని పెద్దదవుతుంది. 1930ల నాటి కొన్ని కార్లలో రేకు లోపల చెక్క చట్రం ఉంటుంది. దానికి చెదలు, తడి ముఖ్య శత్రువులు.

రంగు కింద లప్పం దాచి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. రేకు ఉన్నచోట అది పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. పైపైన తుప్పు మరకలున్నా లప్పం లేని కారు, మెరిసే రంగు కింద లప్పం నిండిన కారు కంటే మేలు. మొదటిదానిలో లోపం కంటికి కనబడుతుంది, రెండవదానిలో కనబడదు.

ఇంజను, ఇతర యంత్ర భాగాలు

ఏళ్ళ తరబడి కదలని ఇంజనును బ్యాటరీ తగిలించి వెంటనే స్టార్ట్ చేయడం ప్రమాదకరం. ఎండిపోయిన పిస్టన్ రింగులు సిలిండరు గోడలను గీస్తాయి. స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఆ రంధ్రాలలో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఆగి, చేతితో నెమ్మదిగా తిప్పి చూడాలి. తిరిగితే ఇంజను పట్టేయలేదని తెలుస్తుంది. ఆయిలు పాల రంగులో ఉంటే అందులో నీరు కలిసిందని అర్థం. పెట్రోలు ట్యాంకులో అడుగున మడ్డి, ఎలుకలు కొరికిన వైర్లు, గట్టిపడిన రబ్బరు గొట్టాలు, పట్టేసిన బ్రేకులు సహజం. ఇవి ధరను తగ్గించే లోపాలే గాని కారును కొనరాదని చెప్పే లోపాలు కావు. నైపుణ్యం గల మెకానిక్ వీటిని సరిచేయగలడు.

పూర్తిదనం

విప్పి పెట్టిన కారు కంటే విప్పని కారుకు విలువ ఎక్కువ. ఎవరో బాగుచేయడం మొదలుపెట్టి మధ్యలో వదిలివేసిన కార్లలో చిన్న చిన్న భాగాలు పోయి ఉంటాయి. అంబాసిడర్ చాలాకాలం తయారైనందున దాని యంత్ర భాగాలు దొరుకుతాయి. కాని తొలి రకాల ముందు జాలీ, మీటర్లు, బొమ్మ గుర్తులు దొరకడం కష్టం. హెరాల్డ్‌కు మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ బ్రిటన్‌లో ఆదరణ గల కారు కనుక కొన్ని భాగాలను అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. కాని దిగుమతి సుంకం, రవాణా ఖర్చు కలుస్తాయి. వెల కట్టేముందు లేని భాగాల జాబితా రాసుకొని, ఒక్కొక్కటి ఎక్కడ దొరుకుతుందో విచారించడం అవసరం.

చరిత్ర

కారు మొదటి బిల్లు, పాత బీమా పత్రాలు, పన్ను రసీదులు, కారు పక్కన కుటుంబ సభ్యులు నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రాలు విలువను పెంచుతాయి. ఒకే కుటుంబం చేతిలో మొదటి నుంచి ఉన్న కారును అభిరుచి గలవారు ప్రత్యేకంగా కోరుకుంటారు. నోటి మాటగా వచ్చే కథలకు మాత్రం వెల కట్టరాదు. ఫలానా నాయకుడు ఈ కారులో ఎక్కాడు అన్న మాటకు కాగితమో, ఛాయాచిత్రమో ఉంటేనే అది చరిత్ర అవుతుంది. తెలుగు నేలపై చరిత్ర వలన విలువ పొందిన కారుకు గొప్ప ఉదాహరణ హైదరాబాదు నిజాముల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో కోరి చేయించిన ఈ సింహాసనపు కారు 1912 నాటిది. ఇది చౌమహల్లా ప్యాలెస్ సంపదలో భాగం.

వెల లెక్కించే పద్ధతి

సాధారణంగా వాడే పద్ధతి వెనుక నుంచి లెక్కించడం. బాగుచేసిన తర్వాత అటువంటి కారు ఎంతకు అమ్ముడుపోతుందో మొదట అంచనా వేసి, అందులో నుంచి బాగుచేత ఖర్చును, అనుకోని ఖర్చులకు కొంత మొత్తాన్ని తీసివేస్తారు. మిగిలినదే కొనుగోలుదారు ఇవ్వగల గరిష్ఠ ధర. కింది అంకెలు పద్ధతిని వివరించడానికి ఊహించినవి మాత్రమే.

ఒక కారు బాగుచేశాక 12 లక్షల రూపాయలు పలుకుతుందని అనుకుందాం. టింకరింగ్, రంగుకు మూడున్నర లక్షలు, ఇంజను, గేర్ బాక్సులకు 2 లక్షలు, సీట్లు, వైరింగ్, టైర్లకు ఒకటిన్నర లక్ష, క్రోమ్ పూతకు 50 వేలు, రవాణాకు, కాగితాలకు 50 వేలు కలిపి మొత్తం 8 లక్షలు. ఇందులో నాలుగో వంతు, అంటే 2 లక్షలు అనుకోని ఖర్చులకు కలపాలి. 12 లక్షలలో 10 లక్షలు పోగా మిగిలిన 2 లక్షలే ఆ కారు వెల.

ఇప్పుడు అదే రకం కారు మరొకటి అసలు రంగుతో, అన్ని భాగాలతో, తుప్పు లేకుండా ఉన్నదనుకుందాం. దీనికి కొత్త రంగు అవసరం లేదు. యంత్ర భాగాలకు 2 లక్షలు, అనుకోని ఖర్చులకు 50 వేలు పెడితే నడుస్తుంది. అలా నడిచే కారు 9 లక్షలు పలికినా దాని వెల ఆరున్నర లక్షలు అవుతుంది. పైకి చూస్తే రెండూ దుమ్ము పట్టిన పాత కార్లే. వెలలో తేడా మూడు రెట్లకు పైగా ఉన్నది.

లెక్కలో వచ్చిన వెల సున్నా కంటే తగ్గడం కూడా సాధ్యమే. అంటే బాగుచేయడానికి అయ్యే ఖర్చు బాగుచేసిన కారు ధరను మించుతుంది. అటువంటి కారును మమకారం కొద్దీ బాగుచేయించుకోవచ్చును గాని పెట్టుబడిగా భావించరాదు.

బాగుచేతా, పరిరక్షణా

ఒకప్పుడు పాత కారును కొత్తదానిలా మెరిపించడమే ఉత్తమం అనుకొనేవారు. తర్వాత ఈ అభిప్రాయం మారింది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య (ఫీవా) రూపొందించిన ట్యూరిన్ ఒడంబడిక చారిత్రక వాహనాలను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించి, అసలు పదార్థాన్ని వీలైనంత కాపాడాలని చెబుతున్నది. అమెరికాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనలో పునరుద్ధరించని కార్లకు ప్రత్యేక విభాగం ఏర్పడింది.

వేలంపాటలలోనూ ఈ మార్పు కనబడుతుంది. ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజ్జోరే సరస్సు అడుగున దశాబ్దాలు పడి ఉండి 2009లో వెలికితీసిన బుగాటి బ్రెసియా కారు 2010లో 2,60,500 యూరోలకు అమ్ముడుపోయింది. దానిని ఆ స్థితిలోనే ప్రదర్శనకు ఉంచారు. 2015లో పారిస్‌లో, ఒక ఫ్రెంచి కుటుంబపు షెడ్లలో దుమ్ముకొట్టుకొని ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒక కోటీ అరవై లక్షల యూరోలకు పైగా పలికింది. ఇవి అతి అరుదైన కార్లు. వేల సంఖ్యలో తయారైన అంబాసిడర్‌కో, ఫియట్‌కో ఈ ధరలను కొలమానంగా తీసుకోరాదు. వీటి నుంచి గ్రహించవలసినది ఒకటే: పాతదనపు గుర్తులను చెరిపివేయడం వలన విలువ పెరుగుతుందన్న నమ్మకం అన్నిసార్లూ నిజం కాదు.

రిజిస్ట్రేషన్, పన్ను

వింటేజ్ వాహనంగా కొత్త రిజిస్ట్రేషన్‌కు 2021 నియమాలలో 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించారు. రిజిస్ట్రేషన్ 10 సంవత్సరాలు చెల్లుతుంది. కొత్త నంబరులో రాష్ట్ర అక్షరాల తర్వాత "వీఏ" అనే అక్షరాలుంటాయి. ఇదివరకే రిజిస్టరైన కారు తన పాత నంబరును నిలుపుకోవచ్చు. అయితే ఇలా రిజిస్టరైన కారును రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, ర్యాలీ, ఇంధనం నింపుకోవడం, మరమ్మత్తు వంటి పనులకే రోడ్డు మీదికి తీసుకురావచ్చు. రోజూ నడపాలనుకొనేవారికి, దాచి ఉంచాలనుకొనేవారికి ఒకే కారు విలువ ఒకటిగా ఉండకపోవడానికి ఇది ఒక కారణం.

అమ్మేవారు పన్ను సంగతి కూడా చూసుకోవాలి. 1983లో 20,000 రూపాయలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ కారును తర్వాతి దశాబ్దంలో 21 లక్షల రూపాయలకు అమ్మిన వ్యవహారంలో, కారు సొంత వాడకంలో ఉన్నట్లు రుజువు లేనందున ఆ లాభంపై పన్ను వర్తిస్తుందని బొంబాయి హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. సొంత వాడకానికి పనికివచ్చే వస్తువు కావడం చాలదని, నిజంగా వాడినట్లు చూపాలని ఈ తీర్పు సారాంశం.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* అమ్మకానికి ముందు ధర పెరుగుతుందని చవక రంగు వేయించడం. దీనివల్ల అసలు రంగు పోతుంది. లోపాలు దాచారన్న అనుమానం కూడా కలుగుతుంది.
* కారును శుభ్రం చేస్తూ పాత కాగితాలు, పనిముట్ల సంచి, విరిగిన భాగాలు పారవేయడం. విరిగిన భాగం కొత్తదాన్ని చేయించడానికి నమూనాగా పనికివస్తుంది.
* కారు కదలడం లేదని పాత ఇనుము వ్యాపారికి తూకానికి ఇచ్చివేయడం. సుమారు 1,100 కిలోల బరువు గల అంబాసిడర్‌కు ఇనుము ధర వస్తుంది గాని, కాగితాలు సరిగా ఉన్న తొలి రకపు కారు విలువ రాదు.
* అమ్మేవారు అడిగిన ధరనే మార్కెట్టు ధర అనుకోవడం. అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు.
* రాత్రిపూటో, వాన తడి మీదనో కారును చూసి నిర్ణయించడం. తడి రేకు మీద రంగు లోపాలు కనబడవు. పగటి వెలుగులో, కారును పైకెత్తి అడుగు భాగం కూడా చూడాలి.
* బజారు ధర తెలియని వృద్ధుల వద్ద తక్కువకు కొనడం. తర్వాత వారసులు వివాదానికి దిగితే యాజమాన్య మార్పిడి నిలిచిపోయే అవకాశం ఉన్నది.

అమ్మేవారు, కొనేవారు ఒప్పందానికి ముందే పాత కార్ల అనుభవం గల, ఇరువురికీ సంబంధం లేని మెకానిక్‌తో తనిఖీ చేయించి, నంబర్లను రవాణా శాఖ రికార్డులతో సరిచూసుకోవడం ఉభయులకూ మేలు.

ఇవి కూడా చూడండి

* హిందుస్థాన్ అంబాసిడర్
* ప్రీమియర్ పద్మిని
* గూడూరు
* చౌమహల్లా ప్యాలెస్
* మోటారు వాహనాల చట్టం, 1988